గురిగింజెత్తు

మా అమ్మ గొలుసు మూడు తులాలది. ఆ సంగతి మా ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. పెళ్లినాడు మా తాత తూయించి పెట్టిన గొలుసు. దాన్ని ఆమె పండుగలకూ పెళ్లిళ్లకూ తప్ప బయటికి తీసింది లేదు. మొన్న దాని కొక్కెం వదులైందని బాగు చేయించడానికి హాలియా బజారులో ఒక దుకాణానికి పట్టుకుపోయాను. తోడు మా మనవరాలు వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నది. దుకాణదారు గొలుసును అద్దాల పెట్టెలో ఉన్న కాంటా మీద పెట్టాడు. ఎర్రటి అంకెలు గబగబా తిరిగి 34.960 దగ్గర ఆగినాయి.

"మూడున్నర తులాలున్నది సారూ," అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. పెట్టెలో దాచిన బంగారం తగ్గిందంటే ఎవరైనా నమ్ముతారు. పెరిగిందంటే ఎవరు నమ్మాలి? మా అమ్మకు తెలియకుండా ఆ గొలుసు డెబ్బై ఏళ్లలో అర తులం పిల్లను పెట్టిందా? నా మొహం చూసి మనవరాలు ఫోను తీసి ఏవో అంకెలు నొక్కింది.

"తాతా, నీ తులం వేరు, ఈ అంకుల్ తులం వేరు. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు దుకాణాలల్ల తులమంటే పది గ్రాములే. మూడు పాత తులాలు అంటే 34.99 గ్రాములు. అది కొత్త తులాలల్ల మూడున్నర. బంగారం పెరగలే, తులమే చిన్నగయింది."

దుకాణదారు నవ్వాడు. నేనూ నవ్వాను గాని ఆ నవ్వు వెనక చిన్న దిగులు లేకపోలేదు. "తులం బంగారం పెడతాం" అని మాటిచ్చిన మామలు మన దేశంలో ఎందరు! ఏ తులమో ఎవరైనా అడిగి ఉంటారా? మాట అదే, బరువు మాత్రం నూటికి పద్నాలుగు వంతులు తగ్గింది. కృష్ణ దాటి ఆంధ్ర వైపు వెళితే వాళ్లు కాసుల్లో చెబుతారు. కాసు ఎనిమిది గ్రాములు. రెండు కాసులు ఎక్కువా, తులంన్నర ఎక్కువా అని వియ్యాలవారు వాదులాడుకుంటే నేను ఆశ్చర్యపోను.

ఇంటికొచ్చాక మనవరాలు తన కెమిస్ట్రీ పుస్తకం చూపించింది. మొదట్లోనే ప్రమాణాల పాఠం. గ్రాములను మిల్లీగ్రాములు చేయడం, ఘనపు సెంటీమీటర్లను లీటర్లు చేయడం, పౌన్లను కిలోలు చేయడం. పద్ధతి చక్కగా ఉంది. అంకె పక్కన ప్రమాణం రాయాలి, మారకపు భిన్నంతో గుణించాలి, పైనా కిందా ఒకే ప్రమాణం వస్తే రెండూ కొట్టేయాలి. చివరికి మిగలవలసిన ప్రమాణం మిగిలితే లెక్క సరి. మిగలకపోతే ఎక్కడో తలకిందులైందన్నమాట. మా కాలంలో ఈ పద్ధతి ఎవరూ చెప్పలేదు. మేము ఎక్కాలు వల్లించి, దేవుడి మీద భారం వేసి గుణించేవాళ్లం.

"ఇది చాలా బోరు పాఠం తాతా. అసలు కెమిస్ట్రీ దీని తర్వాతనే ఉంటది," అన్నది.

అప్పుడు నేనేమీ అనలేదు గాని, ఆ మాట నాకు రుచించలేదు. మా జిల్లాలో పుట్టిన పిల్ల అనవలసిన మాట కాదది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తులానికి తల్లి గురిగింజ. ఎర్రటి ఒళ్లు, కొసన నల్ల మచ్చ. కంచెల మీద కాయలు పగిలి కనబడుతుంది. తన కింది నలుపు తనకు తెలియదని దానికి ఒక అపవాదు కూడా ఉంది. కంసాలి తరాజులో అది పెద్దమనిషి. ఎనిమిది గురిగింజలు ఒక మాషం, పన్నెండు మాషాలు ఒక తులం. అంటే తొంభై ఆరు గింజలు తులం. ఈ లెక్కన గింజ బరువు 121 మిల్లీగ్రాముల పైచిలుకు. (పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త సుమా. గింజ అందమే గాని లోపల ఉన్నది గట్టి విషం.) ఎనభై తులాలు పక్కా సేరు. నలభై సేర్లు మణుగు. ఇంగ్లీషువాళ్ల వెండి రూపాయి సరిగ్గా తులం తూగేది. అందుకని రాళ్లు లేని చోట రూపాయలే రాళ్లు. ఎనభై రూపాయలు ఒక పళ్లెంలో పోస్తే సేరు తూకం. డబ్బున్నవాడి దగ్గర తూకమూ ఉండేదన్నమాట!

మా నైజాం ఇలాకాలో ఆ రూపాయి కాక మరో రూపాయి ఉండేది. హాలీ సిక్కా. హాలీ అంటే ఇప్పుడు నడుస్తున్నది అని అర్థం. చిన్నప్పుడు నేను అది మా హాలియాలో అచ్చువేసిన రూపాయి అనుకొని గర్వపడేవాణ్ణి. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలతో సమానం. ఈ ఏడూ ఆరూ ఎక్కడివని పెద్దయ్యాక లెక్కవేసి చూశాను. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు. అంటే 9.14 గ్రాముల వెండి. 1940కి ముందటి ఇంగ్లీషు రూపాయి 11.66 గ్రాములు, పన్నెండులో పదకొండు వంతులు వెండి. అంటే 10.69 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి, ఏడింట ఆరుకు ఇంచుమించు దగ్గరగా వస్తుంది. బజారులో మారకం చేసుకునే సామాన్యుడికి ఆ లెక్క తెలియకపోవచ్చు. అతని జేబులో వెండికి మాత్రం తెలుసు. 1950లో భారత రూపాయి మా దగ్గర చెలామణిలోకి వచ్చింది. హాలీ సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో.

ఇక సేరు సంగతి. మాకు సేరంటే ఎనభై తులాలు. మద్రాసు రాజధాని కింద ఉన్న ఆంధ్ర జిల్లాల్లో కచ్చా సేరు ఇరవై నాలుగు తులాలు. అలాంటివి అయిదైతే వీశె, ఎనిమిది వీశెలైతే మణుగు. వాళ్ల మణుగు పదకొండు కిలోల చిల్లర, మా మణుగు ముప్పై ఏడు కిలోల చిల్లర. 1956 నవంబర్ 1న రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రమైనప్పుడు భాష ఒకటే, మాట ఒకటే, మాట లోపలి బరువు మాత్రం మూడింతల తేడా. ఏటికి అవతలి నుంచి మా వాడకు కోడలుగా వచ్చిన ఒకావిడ పచ్చడికి చింతపండు "రెండు సేర్లు తెండి" అన్నదట. మొగుడు రెండు పక్కా సేర్లు మోసుకొచ్చాడు. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా పులుసే!

తూకంలో సేరు ఉంటే కొలతలో మానిక, సోల, గిద్దె, కుంచం, తూము, పుట్టి. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఎంత చక్కని ఆచారం! కాని కళ్లం దగ్గర కొలిచేవాడి చేతిలో ఉండేది ఎవరి లాభం? కుంచం మీద కుప్పగా పోసి కొలిస్తే ఒక పుట్టి, అంచు మీద చేత్తో గీసి కొలిస్తే ఇంకో పుట్టి. తీసుకునేటప్పుడు కుప్ప, ఇచ్చేటప్పుడు గీత. నాగు తెచ్చుకున్న రైతు తెచ్చుకున్న కొలతతోనే తీర్చాడో లేదో ఆ కుంచానికి నోరుంటే చెప్పేది. ఊరికో కుంచం, షావుకారుకో సోల. అందుకే కాబోలు కొత్త కొలతలు వచ్చినప్పుడు పెద్ద షావుకార్లు గొణిగినంతగా చిన్న రైతులు గొణగలేదు.

కొత్త కొలతలు వచ్చిన రోజులు నాకు చూచాయగా జ్ఞాపకం. ముందు డబ్బు మారింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారణాలు, అరవై నాలుగు పైసలు. ఇప్పుడు నూరు నయా పైసలు. అణాకు ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసాను ఎవరు ఇస్తారు? అందుకని సర్కారు పట్టిక వేసింది. అణా ఆరు, రెండణాలు పన్నెండు, మూడణాలు పంతొమ్మిది, నాలుగణాలు ఇరవై అయిదు. అణా సరుకు మూడుసార్లు కొంటే పద్దెనిమిది పైసలు, ఒక్కసారే మూడణాల సరుకు కొంటే పంతొమ్మిది. దీన్ని మా అమ్మ రెండు రోజుల్లో పట్టేసింది. నన్ను బెల్లానికి మూడుసార్లు దుకాణానికి పంపేది. సున్నపు సవరణ అంటారో ఏమంటారో గాని, ఆ ఒక్క పైసా కోసం నా కాళ్లు అరిగాయి.

ఆ తర్వాత తూకాలు. 1956 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది, 1958 అక్టోబర్ 1 నుంచి దశలవారీగా అమలు మొదలైంది, 1962 ఏప్రిల్ నాటికి పాత తూకాలు చట్టవిరుద్ధమయ్యాయి. ఆరు పలకల ఇనుప రాళ్లు వచ్చాయి, వాటి గుంటలో సీసం పోసి ముద్ర వేసి. కిలో అంటే సేరు మీద దాదాపు ఆరు తులాలు ఎక్కువ. షావుకారు మా నాయనకు అదే చెప్పాడు: "సేరు ధరకే కిలో అడగకండి, ఆరు తులాలు మాకు నష్టం." మా నాయన చదువుకోలేదు గాని మాట పడే మనిషి కాడు. "మరి పావుసేరు ఉప్పుకు పావుకిలో ధర తీసుకున్నవ్, ఇచ్చింది పాత రాయితోనే గదా?" అన్నాడు. ఆ రోజుల్లో పాత రాయీ కొత్త రాయీ రెండూ తరాజు పక్కనే ఉండేవి. ఏది ఎప్పుడు పళ్లెంలో పడుతుందో కళ్లు పెట్టుకొని చూడాలి.

ఈ కిలో ఎక్కడిది? ఫ్రాన్సు వాళ్ల విప్లవంలో పుట్టింది. అక్కడా మన కథే. ఊరికో కొలత, జమీందారుకో కుంచం. రాజుకూ ఊరికీ చెందని కొలత కావాలని వాళ్లు భూమిని కొలిచారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు మీటరన్నారు. బరువుకు మాత్రం వాళ్లు పట్టుకున్నది నీళ్లను. 1795 చట్టం ప్రకారం సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గడిలో పట్టే నీళ్ల బరువు గ్రాము. వెయ్యి గ్రాములు, అంటే లీటరు నీళ్లు, కిలో. ఆ నీళ్లను లోహంలో పోతపోసినట్టు 1799లో ప్లాటినంతో దిమ్మ చేశారు. తర్వాత ప్లాటినం, ఇరీడియం కలిపి ఇంకొకటి చేసి 1889లో దేశాలకు నకళ్లు పంచారు. మన దేశపు నకలు 57వ నంబరుది, ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. 2019 మే 20 నుంచి దిమ్మ పెత్తనమూ పోయి ప్లాంక్ స్థిరాంకం అనే ప్రకృతి సంఖ్య మీద కిలో నిలబడింది. అయినా మన వంటింటి దాకా లీటరు నీళ్లు కిలోనే.

నీళ్లను పట్టుకోవడం ఎంత పెద్ద ఉపకారమో చూడండి. ఘనపుటడుగు నీళ్లు ఎన్ని సేర్లు అని ఎవరైనా అడిగితే ముప్పై సేర్ల ఇరవై ఎనిమిది తులాలని చెప్పాలి. అది గుర్తుండే లెక్కేనా? అదే ఘనపు మీటరు నీళ్లు వెయ్యి కిలోలు. పలక అక్కరలేదు.

అయితే మా హాలియాలో నీళ్లను ఇప్పటికీ మీటర్లలో ఎవరూ కొలవరు. ఇది నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించే సంగతి. మిర్యాలగూడ నుంచి సాగర్ పోయే దారిలో మా ఊరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. మా ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు. మెట్ట చెలకలు వరి మళ్లయ్యాయి, చుట్టూ మిల్లులు లేచాయి. దేశమంతా మీటర్లకు మారుతున్న రోజుల్లోనే కట్టిన డ్యాము అది. అయినా నిండు మట్టం 590 అడుగులు. కాలువలో నీళ్లు క్యూసెక్కులు. డ్యాములో నీళ్లు టీఎంసీలు, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. చాయ్ హోటల్లో బల్ల మీద మోచేతులానించిన మనిషిని అడగండి, ఈ రోజు సాగర్ మట్టం ఎంతంటే అడుగుల్లో చెబుతాడు. అదే 179.8 మీటర్లని చెబితే "అబ్బో, గంత తగ్గిందా?" అంటాడు.

దానికీ కారణం లేకపోలేదు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు రెండెకరాల్లో అడుగు లోతు నీళ్లు నిలుస్తాయి. రైతుకు ఎకరం తెలుసు, అడుగు తెలుసు, రోజు తెలుసు. మూడూ అతని లెక్కకు అమరుతాయి. భూమి సంగతి ఇంకా విచిత్రం. మాది నలభై గుంటల ఎకరం, ఆంధ్ర వాళ్లది నూరు సెంట్ల ఎకరం. గుంట అంటే 121 చదరపు గజాలు, 101 చదరపు మీటర్లు. మీటర్ల పద్ధతిలో భూమికి ఆర్ అనే కొలత ఉంది, సరిగ్గా నూరు చదరపు మీటర్లు. అంటే మన గుంట ఫ్రాన్సు వాళ్ల ఆర్‌కు ఇంచుమించు కవల. ఎవరూ గమనించలేదు గాని మా తాతలు ఎప్పుడో మెట్రిక్ పద్ధతిలో గుంటలు గుంటలుగా కౌలు చేశారు!

ఒకే దేశంలో రెండు కొలతలు పక్కపక్కన నడవడం హోటల్ బల్ల దగ్గర నవ్వులాట. అన్ని చోట్లా కాదు. 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద విమానం 41 వేల అడుగుల ఎత్తున ఉండగా నూనె అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఆ దేశం అప్పుడే మీటర్లకు మారుతున్నది, ఆ విమానం కిలోల్లో నూనె అడిగే కొత్త రకం. కావలసింది 22,300 కిలోలు. ట్యాంకులో ఉన్నది 7,682 లీటర్లు. లీటరుకు ఎంత బరువని అడిగితే 1.77 అన్నారు. అది పౌన్లు. కిలోలైతే 0.8. ఎవరూ పక్కన ప్రమాణం రాయలేదు. 7,682ను 1.77తో గుణించి వచ్చిన పౌన్లను కిలోలనుకొని, మిగిలిన లోటుకు 4,917 లీటర్లు పోసి పంపారు. నిజంగా ఉన్నది కావలసినదాంట్లో సగం కన్నా తక్కువ. పైలట్ గ్లైడర్లు నడిపిన మనిషి గనక గిమ్లీ అనే ఊళ్లో పాత విమానాశ్రయం మీద ఆ మహాకాయాన్ని దింపాడు. ప్రాణాలు పోలేదు. మా మనవరాలి పుస్తకంలో పైనా కిందా కొట్టేసే లెక్కలో ఒక్క గీత అది.

మా జిల్లాలో కథ అలా గాలిలో జరగలేదు. మట్టిలో జరిగింది, బావుల్లో జరిగింది. అందరి ప్రాణాలూ దక్కాయని చెప్పడానికి వీల్లేదు.

నల్లగొండ నేల కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. అందులో కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది. వాన తక్కువ, నీళ్లు రాయిలో ఎక్కువ కాలం నిలుస్తాయి, కొద్దికొద్దిగా ఫ్లోరైడును కరిగించుకుంటాయి. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును డాక్టర్లు గుర్తించారు. మన జిల్లా గురించి డాక్టర్ ఎ. హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పళ్ల మీద గోధుమ చారలు. మెడ తిప్పలేని మనుషులు. వంగిన నడుము నిలబడదు, ముడుచుకున్న మోకాలు చాపుకోదు. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి మా బజారుకు వచ్చే మనుషుల్లో అలాంటివారిని నేను చిన్నప్పుడు చూశాను. అది పాపమనీ శాపమనీ అనేవాళ్లు. ఎడమ కాలువ మా దాకా కృష్ణ నీళ్లు తెచ్చింది గనక మేము కొంత గట్టెక్కాం. కాలువ ఎక్కలేని ఎత్తు ఊళ్లు అదే బావి నీళ్లు తాగాయి.

ఎంత ఫ్లోరైడు ఎక్కువ? ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన భారత ప్రమాణం ఒక మిల్లీగ్రాము చాలంటుంది, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా ఓర్చుకోమంటుంది. నీళ్లు లీటరుకు కిలో గనక, లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే పది లక్షల్లో ఒక వంతు. ఫ్రాన్సు వాళ్లు నీళ్లను పట్టుకున్న ఉపకారం ఇక్కడ మా బావి దాకా వచ్చింది.

కాని మిల్లీగ్రాము మనిషి కంటికి ఆనదు. ఆ రాత్రి నేను మనవరాలిని కూర్చోబెట్టి అడిగాను. "గురిగింజ 121.5 మిల్లీగ్రాములన్నవ్ గదా. గీత దగ్గర నిలబడ్డ నీళ్లల్ల ఒక్క గురిగింజెత్తు ఫ్లోరైడు ఉండాలంటే ఎన్ని లీటర్లు కావాలె?"

భాగించింది. "ఎనభై ఒకటి." కొంచెం ఆలోచించి, "ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు," అన్నది.

నాలుగు క్యాన్లలో ఒక గురిగింజెత్తు. కంసాలి ఊదితే ఎగిరిపోయేంత. ఆ లోపల ఉంటే నీళ్లు మంచివి, దాటితే కావు. ఇప్పుడు లీటరుకు అయిదు మిల్లీగ్రాములున్న బావి అనుకుందాం. ఎండాకాలం పొలం పని చేసే మనిషి రోజుకు ఆరు లీటర్లు తాగుతాడనుకుందాం. రోజుకు ముప్పై మిల్లీగ్రాములు. నాలుగు రోజులకు ఒక గురిగింజ. ఏడాదికి? పిల్ల గుణించింది. 10.95 గ్రాములు.

"తులం!" అన్నది.

దుకాణదారు తులం కన్నా కొంచెం ఎక్కువ, మా అమ్మ తులం కన్నా కొంచెం తక్కువ. ఏడాదికి ఒక తులం చొప్పున ఆ మనిషి తాగుతున్నాడు. కొంత మూత్రంలో పోతుంది. మిగిలింది ఎముకల్లో, పసిపిల్లలైతే వస్తున్న పళ్లలో చేరుతుంది. ఇంకొకటి గమనించాలి. గీత లీటరుకు ఇంత అని చెబుతుంది, శరీరం మాత్రం రోజుకు ఎంత అని లెక్కపెట్టుకుంటుంది. నీడన కూర్చొని రెండు లీటర్లు తాగేవాడికీ, ఎండలో ఆరు లీటర్లు తాగేవాడికీ అదే బావి, అదే అంకె. ఎముకలకు చేరేది మాత్రం మూడింతల తేడా. జబ్బు కూలి చేసుకునేవాళ్లను ఎక్కువ వంచిందంటే శాపం కాదు, గుణకారం.

దీనికి మందు కూడా మా జిల్లా పేరుతోనే ఉంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియాల దాకా ఆ పేరుతోనే వెళ్లింది. మా ఊరి పేరు ఇలా దేశాలు తిరిగిందని సంతోషించాలో విచారించాలో నాకిప్పటికీ తెలియదు. అందులో ఉన్నది పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పొడి. కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడగట్టాలి. బురద నీళ్లలో పటిక తిప్పడం మన ఆడవాళ్లకు కొత్తదేమీ కాదు. కొత్తదల్లా ఎంత అన్నది. నీళ్లలో ఫ్లోరైడు ఎంత ఉందో, క్షారత ఎంత ఉందో చూసి దాన్నిబట్టి పటిక లెక్కకట్టాలి. తక్కువైతే ఫ్లోరైడు పోదు, ఎక్కువైతే పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. సోలెడు, గిద్దెడు అంటే కుదరదు. ఏ ఊరి గిద్దె?

పల్లెటూళ్లో గ్రాముల కాంటా ఎక్కడ తెస్తారు? దానికి ఒక ఉపాయం చేశారు. పటికను నూటికి పది పాళ్లుగా నీళ్లలో ముందే కరిగించి పెట్టుకోవడం. అప్పుడు ఒక మిల్లీలీటరు ద్రావణంలో నూరు మిల్లీగ్రాముల పటిక ఉంటుంది. లీటరుకు 500 మిల్లీగ్రాములు కావాలనుకోండి, నలభై లీటర్ల బకెట్టుకు ఇరవై గ్రాములు, అంటే 200 మిల్లీలీటర్ల ద్రావణం. గీతలున్న గ్లాసు ఒకటి చాలు. తూకాన్ని కొలతగా మార్చేశారు. మిల్లీగ్రాము నుంచి గ్రాముకు, గ్రాము నుంచి మిల్లీలీటరుకు. మా మనవరాలు బోరన్న పాఠం మొత్తం ఆ గ్లాసులో ఉంది. ఆ గ్లాసు మీద సరైన గీత ఏదో చెప్పేవాడు ఉన్నంత కాలం ఆ పద్ధతి నడిచింది. ఆ మనిషి బదిలీ అయితే చాలా చోట్ల బకెట్లు మూల పడ్డాయి.

ఇదంతా చెప్పాక మనవరాలు లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చింది. మా చెలక దగ్గర బోరు నీళ్లు పరీక్షకు ఇచ్చి నాలుగు నెలలయింది. వచ్చిన కాగితాన్ని మా కొడుకు చూసి, "బాగనే ఉన్నదట" అని బియ్యం డబ్బా మీద పెట్టాడు. ఎండాకాలం కూలీలు ఆ నీళ్లే తాగారు. కాగితంలో వరసగా పేర్లు, ఎదురుగా అంకెలు. ఫ్లోరైడు ఎదుట 1.8 అని ఉంది. అంతే. పక్కన ఏమీ లేదు.

"తాతా, 1.8 ఏంది?" అన్నది.

ఒక పూట ఎందుకు పోగొట్టుకోవాలని మరునాడే ఇద్దరం పోయి అడిగాం. అక్కడున్న అబ్బాయి మంచివాడే. "లీటరుకు మిల్లీగ్రాములే సార్, అందరికీ తెలుసని రాయలేదు," అన్నాడు. మనవరాలు పెన్ను ఇచ్చింది. ఆ అంకె పక్కన "మి.గ్రా. / లీ." అని రాసి సంతకం పెట్టాడు.

ఇప్పుడు బోరు దగ్గర తాగడానికి వేరే క్యాను ఉంది, ఇంటి నల్లా నీళ్లతో నింపింది. బోరు నీళ్లు చేలకు, చేతులు కడగడానికి. క్యాను మీద మా పిల్ల సున్నంతో 20 లీ. అని రాసింది. కొక్కెం బాగు చేసిన గొలుసు ఆదివారం తెచ్చుకున్నాం. రసీదులో 34.960 గ్రాములని ఉంది. మూడు తులాలా, మూడున్నరా అన్నది నేను మా ఆవిడతో ఇంకా తేల్చుకోవలసి ఉంది.